ఐపీఓకి ముందే షేర్లు కొంటున్నారా? ముందు అమ్మే దారి చూసుకోండి

మార్చిలో ఒక మధ్యాహ్నం మా బావ నేను పనిచేసే ఆఫీసుకి వచ్చి, చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవర్ నా టేబుల్ మీద పెట్టి "బామ్మర్దీ, ఇది జర చూడు" అన్నాడు. నేను హనుమకొండ సుబేదారిలో ఒక ఆడిటర్ దగ్గర పదకొండేళ్ళుగా రిటర్నులు ఫైల్ చేస్తున్నాను. బావకి వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం ఉంది. మిర్చి సీజన్లో ఆయన ఫోన్ ఎత్తడమే గొప్ప, అలాంటిది దుకాణం వదిలి వచ్చాడంటే ఏదో జరిగిందని అప్పుడే అనుకున్నాను. కవర్లో బంగారు రంగు అంచు, ఎర్ర సీలు ఉన్న షేర్ సర్టిఫికెట్ ఒకటి ఉంది. 3,000 షేర్లు, ఒక్కొక్కటి 100 రూపాయలు. అంటే 3 లక్షలు. తెలిసినాయనే అమ్మాడట, "రెండేండ్లల్ల ఐపీఓకి పోతది, పదింతలైతది" అన్నాడట. ఐపీఓ అంటే కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మి స్టాక్ ఎక్స్చేంజీలో చేరడం, ఆ చేరడాన్నే లిస్టింగ్ అంటారు. రెండేళ్ళూ అయిపోయాయి, ఇప్పుడు ఆయన ఫోన్ ఎత్తట్లేదు.

ఆ కాగితం మీద చిన్న అక్షరాల్లో కంపెనీ సిన్ నంబరు ఉంది. ప్రతి కంపెనీకీ ప్రభుత్వం ఇచ్చే 21 అక్షరాల నంబరు అది. దాన్ని చదవడం వస్తే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి కాబట్టి ముందు అదే చెప్తాను. మొదటి అక్షరం ఎల్ అయితే లిస్టయిన కంపెనీ, యూ అయితే లిస్ట్ కానిది. తర్వాతి అయిదు అంకెలు ఏ రంగమో చెప్తాయి, రెండక్షరాలు ఏ రాష్ట్రమో, నాలుగు అంకెలు పెట్టిన సంవత్సరం. ఆ తర్వాత వచ్చే మూడక్షరాలు అన్నిటికంటే ముఖ్యం. పీఎల్‌సీ అని ఉంటే పబ్లిక్ లిమిటెడ్, పీటీసీ అని ఉంటే ప్రైవేట్ లిమిటెడ్. బావ కాగితం మీద పీటీసీ అని ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ షేర్లు ఇష్టమొచ్చినవాళ్ళకి అమ్ముకోవడానికి ఉండదు, కంపెనీ నియమావళిలోనే దానికి అడ్డు ఉంటుంది, ఉద్యోగుల్ని పక్కన పెడితే 200 మందికి మించి సభ్యులూ ఉండకూడదు, జనాన్ని పిలిచి షేర్లు కొనమని అడగడానికి అసలే వీల్లేదు. ఐపీఓకి వెళ్ళాలంటే ముందు అది పబ్లిక్ లిమిటెడ్‌గా మారాలి. బావకి అమ్మినాయన ఈ ముక్కల్లో ఒక్కటీ చెప్పలేదు.

ఆ 3 లక్షల్లో లక్ష బ్యాంకు ద్వారా పోయింది, 2 లక్షలు నగదు. వకీలుతో నోటీసు పంపిస్తే బ్యాంకులో వేసిన లక్ష వెనక్కి వచ్చింది. నగదుకి చీటీ ముక్క కూడా లేదు, అది ఇంకా రాలేదు. నాకు ఇప్పటికీ బాధే, ఎందుకంటే బావ డబ్బు కట్టేముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే అయిదు నిమిషాల్లో తేలిపోయేది. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

ఏవి కొనొచ్చు, ఏవి కాదు

ఐపీఓకి ముందు షేర్లు కొనడం చట్టవిరుద్ధం కాదు. పబ్లిక్ లిమిటెడ్ అయ్యి, ఇంకా ఎక్స్చేంజీలో లిస్ట్ కాని కంపెనీలు చాలా ఉన్నాయి, వాటి షేర్లు చేతులు మారుతూనే ఉంటాయి. ఆ కంపెనీ ఉద్యోగులు ఈసాప్ కింద, అంటే కంపెనీ తన ఉద్యోగులకి షేర్లు ఇచ్చే పథకంలో, వచ్చినవి అమ్ముకుంటారు, పాత వాటాదారులు అమ్ముకుంటారు, డీలర్లు నడుమ ఉండి కొని అమ్ముతారు. వీటినే మార్కెట్లో అన్‌లిస్టెడ్ షేర్లు, ప్రీ-ఐపీఓ షేర్లు అంటారు. స్టాక్ ఎక్స్చేంజీ నడిపే ఎన్‌ఎస్‌ఈ సొంత షేర్లు ఇలాగే ఏళ్ళ తరబడి చేతులు మారాయి. ఇవన్నీ డీమ్యాట్‌లోనే, అంటే కాగితం లేకుండా ఎలక్ట్రానిక్ ఖాతాలోనే ఉంటాయి. లిస్ట్ కాని పబ్లిక్ కంపెనీలు కొత్త షేర్లు ఇచ్చినా, ఎవరైనా పాతవి బదిలీ చేసినా డీమ్యాట్‌లోనే జరగాలన్న నిబంధన 2018 అక్టోబర్ 2 నుంచి ఉంది. చిన్న కంపెనీలు కాని ప్రైవేట్ కంపెనీలకి కూడా తర్వాత ఇదే నిబంధన పెట్టారు. కాబట్టి ఈ రోజుల్లో ఎవరైనా మీకు కాగితం సర్టిఫికెట్ చేతిలో పెట్టి షేర్లు ఇచ్చానంటే, అది ఎంత మెరుస్తున్నా సరే, డబ్బు ఇవ్వకండి. ఐసిన్ నంబరు అడగండి. ఏ కంపెనీ షేరో గుర్తించడానికి ఇచ్చే, ఐఎన్‌ఈ అని మొదలయ్యే 12 అక్షరాల కోడ్ అది. ఐసిన్ లేదంటే డీమ్యాట్‌లోకి రావడానికి షేరే లేదు.

ఇక మడికొండ ఐటీ పార్కులోనో హైదరాబాద్‌లోనో మన పిల్లలు పెట్టే స్టార్టప్‌ల సంగతి వేరు. అవి ప్రైవేట్ లిమిటెడ్‌లే, వాటిలో పెట్టుబడి పెట్టడానికి ప్రైవేట్ ప్లేస్‌మెంట్ అనే పద్ధతి ఉంది. కంపెనీ మీ పేరు రాసి పాస్-4 అనే ఆఫర్ లెటర్ ఇవ్వాలి, డబ్బు చెక్కుతోనో బ్యాంకు బదిలీతోనో కట్టాలి, నగదు కుదరదు, డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. తమ్ముడి వరసవాడైనా సరే, పాస్-4 అడగడానికి మొహమాటపడొద్దు. ఇంకో మాట, పెద్ద ఫండ్లు పెట్టేది చాలావరకు కన్వర్టిబుల్ ప్రిఫరెన్స్ షేర్లలో. కంపెనీ తక్కువకి అమ్ముడుపోయినా, మూతపడినా ముందు వాళ్ళకి ముడుతుంది, మీలా మామూలు ఈక్విటీ ఉన్నవాళ్ళ వంతు చివర్లో వస్తుంది. "ఫలానా ఫండ్ ఇంత విలువ కట్టింది" అని మీకు చెప్పే రేటు ఆ ప్రిఫరెన్స్ షేర్లది, మీ చేతికి వచ్చే షేరుది కాదు.

మన ప్రాంతంలో సింగరేణి పేరు చెప్పి ఎవరైనా వస్తే అసలు మాట్లాడకండి. అది లిస్ట్ కాని కంపెనీయే, కానీ దాని వాటా 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. డీలర్ల దగ్గర దొరికే షేరు కాదు.

రేటు జెండా పాట లాంటిది

ఇది చాలామందికి అర్థంకాని చోటు, బావకి మాత్రం ఒక్క మాటలో అర్థమైంది. ఎనుమాములలో పొద్దున జెండా పాటలో, అంటే వేలంలో, మిర్చికి ఒక రేటు పలుకుతుంది, ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన దానికి పలికిన రేటు అది, సాయంత్రానికి ఊళ్ళో అందరూ అదే రేటు చెప్పుకుంటారు, కానీ నూరు బస్తాలు తెచ్చిన రైతుకి అదే రేటు దక్కుతుందా? అన్‌లిస్టెడ్ షేర్లకి డీలర్లు వెబ్‌సైట్లో పెట్టే రేటు కూడా అంతే. అది మీరు కొనడానికి చెప్పే రేటు. మీరు అమ్మబోతే చెప్పే రేటు వేరు, నడుమ తేడా డీలర్ది. పైగా ఎక్స్చేంజీలో ఉన్నట్టు ఇక్కడ అందరికీ కనిపించే ఆర్డర్ బుక్ లేదు, ఎవరు ఎంతకి కొన్నారో తెలిసే దారి లేదు.

కొనేముందు నేను చేసేది ఒకటే. అదే షేరుకి నలుగురు డీలర్లకి ఫోన్ చేసి, ఇద్దరి దగ్గర కొంటానని, ఇద్దరి దగ్గర అమ్ముతానని అడుగుతాను. కొనే రేటు 400, అమ్మే రేటు 340 అని తేలితే కొన్న నిమిషానికే నూటికి 15 రూపాయలు పోయినట్టు. "ఇప్పుడు మేము తీసుకోవట్లేదు సార్" అని ఇద్దరూ అంటే, రేపు మీ దగ్గర కూడా తీసుకోరు. అప్పుడు ఆ షేరు వదిలేయండి.

తర్వాత రేటు సబబా కాదా చూడాలి. షేరు 400 అంటే చవకా ఖరీదా ఎవరికీ తెలియదు, మొత్తం కంపెనీ ఎంత పలుకుతోందో లెక్క కట్టాలి. మొత్తం షేర్లు 10 కోట్లు ఉంటే 400 చొప్పున అది 4,000 కోట్ల కంపెనీ. పోయిన ఏడాది లాభం 50 కోట్లయితే లాభానికి 80 రెట్లు పెట్టి కొంటున్నారు. అదే రంగంలో లిస్టయిన మంచి కంపెనీ 30 రెట్లకి, కావాల్సినప్పుడు అమ్ముకునే వీలుతో దొరుకుతుంటే, అమ్ముకునే వీలు లేనిదానికి 80 ఎందుకు ఇవ్వాలి? ఈ లెక్కలు కంపెనీ వార్షిక నివేదికలో ఉంటాయి. కంపెనీ వెబ్‌సైట్లో లేకపోతే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో లాగిన్ అయ్యి, 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ వేసిన బ్యాలెన్స్ షీట్లు, వాటాదారుల వివరాలు చూడొచ్చు. మొత్తం షేర్ల సంఖ్య చూసేటప్పుడు షేర్ల సంఖ్యని పెంచే బోనస్, స్ప్లిట్ జరిగాయా అని తప్పక చూడండి, పాత సంఖ్య పట్టుకుని లెక్క కడితే కంపెనీ చవకగా ఉన్నట్టు కనిపిస్తుంది. కంపెనీ ఐపీఓకి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర ముసాయిదా పత్రం వేసి ఉంటే ఇంకా మంచిది, సెబీ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది, అందులో ప్రమోటర్లకీ, షేర్లు అమ్ముతున్న పాత వాటాదారులకీ ఒక్కో షేరు సగటున ఎంతకి పడిందో రాసి ఉంటుంది. వాళ్ళకి 30కి పడింది మీకు 400కి వస్తుంటే ఒకసారి ఆగి ఆలోచించండి.

రేటు ఎక్కువ పెడితే కంపెనీ ఎంత మంచిదైనా నష్టమే. హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ 2025 జూన్‌లో ఐపీఓకి వచ్చింది. అన్‌లిస్టెడ్ మార్కెట్లో దాని షేరు 1,200 పైన నడిచింది, ఐపీఓ గరిష్ఠ ధర మాత్రం 740, జూలై 2న 835 దగ్గర లిస్టయింది. ఐపీఓలో వచ్చినవాళ్ళు సంతోషంగా ఉన్నారు. ముందే 1,200కి 100 షేర్లు కొన్నవాళ్ళు 1,20,000 పెట్టి, లిస్టింగ్ రోజున 83,500 చూశారు. అదే ఏడాది ఆగస్టులో, డీమ్యాట్ షేర్లు భద్రపరిచే డిపాజిటరీ సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్ లిస్టయింది, అంతకుముందు అన్‌లిస్టెడ్‌లో వెయ్యి పైన ఉన్నది 800కి ఐపీఓ, 880 దగ్గర లిస్టింగ్. రెండూ నిలకడైన కంపెనీలే, లోపం కొన్న ధరలో ఉంది.

డబ్బు ఎప్పుడు బయటికి వస్తుంది

అమ్మేవాళ్ళు దాదాపు ఎవరూ చెప్పని విషయం లాక్-ఇన్. ఐపీఓకి ముందు షేర్లు ఉన్న మామూలు వాటాదారులు, ఐపీఓలో కేటాయింపు జరిగిన తేదీ నుంచి 6 నెలలు వాటిని అమ్మడానికి లేదు. 2021 ఆగస్టు దాకా ఇది ఏడాది ఉండేది, సెబీ తగ్గించింది. లిస్టింగ్ రోజున పక్కింటివాళ్ళు ఐపీఓలో వచ్చిన షేర్లు అమ్ముకుని లాభం తీసుకుంటుంటే మీరు చూస్తూ కూర్చోవాల్సిందే. టాటా టెక్నాలజీస్ ఉదాహరణ అందరూ చెప్తారు, 2023 నవంబర్‌లో 500 ఐపీఓ ధర, 1,200 దగ్గర లిస్టింగ్, ఆ రోజే 1,400 తాకింది. కానీ ముందే కొన్నవాళ్ళ లాక్-ఇన్ తీరేసరికి మే నెలాఖరు, అప్పటికి షేరు లిస్టింగ్ ధర కన్నా కిందే ఉంది. కాబట్టి లిస్టింగ్ రోజు రేటు వేసుకుని లాభం లెక్క కట్టకండి.

అసలు లిస్టింగే జరగకపోవచ్చు కూడా. ఓయో 2021లో ఐపీఓ పత్రాలు వేసింది, 2024లో వెనక్కి తీసుకుంది. ఫార్మ్‌ఈజీ కంపెనీ ఏపీఐ హోల్డింగ్స్ కూడా 2021లో వేసి 2022లో విరమించుకుంది, మరుసటి ఏడాది షేరుకి 5 రూపాయల చొప్పున రైట్స్ ఇష్యూకి (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడానికి) వచ్చింది, అంతకు ఎన్నో రెట్లు పెట్టి కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళని మొదట అడిగేది "ఈ డబ్బు నాలుగేళ్ళు కనిపించకపోతే ఇల్లు నడుస్తదా?" అని. పిల్లల కాలేజీ ఫీజు, ఇంటి కిస్తీ డబ్బు ఇందులో పెట్టొద్దు. చిట్టీ ఎత్తి ఇందులో పెట్టడం అయితే అసలే వద్దు, షేరు కదలకపోయినా నెలనెలా చిట్టీ కట్టక తప్పదు కదా. మొత్తం పొదుపులో నూటికి అయిదుకి మించి పెట్టొద్దనేది నా లెక్క.

కొనే రోజు

డీమ్యాట్ ఖాతా ఉండాలి. మీ బ్రోకర్ యాప్‌లో క్లయింట్ మాస్టర్ లిస్ట్ అనే పేజీ డౌన్‌లోడ్ అవుతుంది, సీఎంఎల్ అంటారు. డీలర్ అడిగేది అది, పాన్ కార్డు, అంతే. ఓటీపీలు, యాప్ పాస్‌వర్డులు అడిగితే అక్కడే ఆపేయండి. కొనేవాళ్ళ వైపు నుంచి వాటితో పనే లేదు.

ముందు రేటు, సంఖ్య, ఐసిన్, షేర్లు ఏ రోజుకి వస్తాయో రాసిన డీల్ కన్ఫర్మేషన్ ఈమెయిల్‌లో తెప్పించుకోండి, వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలదు. డబ్బు మీ ఖాతా నుంచే, ఆ కన్ఫర్మేషన్‌లో ఉన్న పేరు మీదున్న ఖాతాకే పోవాలి. డీలర్ సంస్థ పేరు ఒకటి, ఖాతా ఇంకెవరిదో మనిషి పేరు మీద ఉంటే పంపొద్దు. మామూలుగా వాళ్ళు ముందు డబ్బు అడుగుతారు, షేర్లు ఆ రోజో మర్నాడో వస్తాయి, నడుమ ఆ ఒక్క రోజు మీకు పూచీ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఎక్స్చేంజీ సెటిల్‌మెంట్ గ్యారంటీ ఇక్కడ వర్తించదు. అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీల షేర్ల లావాదేవీలు నడిపే ఆన్‌లైన్ వేదికలకి అనుమతి లేదని, వాటితో జాగ్రత్తగా ఉండాలని సెబీ 2024 డిసెంబర్‌లో ప్రకటన కూడా ఇచ్చింది. అందుకే కొత్త డీలర్ దగ్గర మొదటిసారి ఎంత తక్కువకి ఒప్పుకుంటే అంతే కొనండి, షేర్లు ఖాతాలో పడ్డాకే రెండోసారి.

అమ్మేవాళ్ళు తమ డిపాజిటరీ పార్టిసిపెంట్ దగ్గర, అంటే డీమ్యాట్ ఖాతా ఉన్న బ్రోకర్ దగ్గరో బ్యాంకు దగ్గరో, షేర్లు బదిలీ చేయమనే డిస్ స్లిప్పు నింపుతారు, లేదా ఆన్‌లైన్లో బదిలీ చేస్తారు. నేను మొదటిసారి కొన్నప్పుడు డీలర్ నా 16 అంకెల డీమ్యాట్ నంబర్లో ఒక అంకె తప్పు రాశాడు, స్లిప్పు తిరిగొచ్చింది, మళ్ళీ వేసి షేర్లు రావడానికి 9 రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. అప్పటి నుంచి నింపిన స్లిప్పు ఫోటో ముందే తెప్పించుకుని, సీఎంఎల్ పక్కన పెట్టి నాలుగేసి అంకెల చొప్పున వేలు పెట్టి చదువుతాను. ఆ స్లిప్పులో కారణం అనే గడి ఉంటుంది, అక్కడ ఆఫ్-మార్కెట్ సేల్ (ఎక్స్చేంజీ బయట అమ్మకం) అనే ఉండాలి. కొందరు స్టాంపు డ్యూటీ తప్పించుకోవడానికి గిఫ్ట్ అని రాస్తారు. ఒప్పుకోవద్దు, రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర రుజువు చేయడం కష్టమవుతుంది. ఆ డ్యూటీ కూడా 0.015 శాతమే, లక్షకి 15 రూపాయలు, అది అమ్మేవాళ్ళ వైపు నుంచే వసూలవుతుంది.

షేర్లు పడగానే డిపాజిటరీ నుంచి మెసేజ్ వస్తుంది. బ్రోకర్ యాప్‌లో రేటు సున్నా అని చూపించినా, అసలు కనిపించకపోయినా కంగారు పడొద్దు, ఎన్‌ఎస్‌డీఎల్ గానీ సీడీఎస్‌ఎల్ గానీ పంపే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో ఐసిన్‌తో సహా కనిపించాలి. అక్కడ లేకపోతే మీ దగ్గర షేర్లు లేనట్టే. మోసపోయామని తెలిస్తే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి కూడా.

ఇంత టెన్షన్ వద్దనుకునేవాళ్ళకి ఒక మంచి దారి ఉంది. లిస్టయిన పెద్ద కంపెనీ తన అనుబంధ కంపెనీని ఐపీఓకి తెస్తే, చాలాసార్లు పెద్ద కంపెనీ వాటాదారులకి విడిగా కోటా పెడతారు. టాటా టెక్నాలజీస్‌కి టాటా మోటార్స్ వాళ్ళకి, హెచ్‌డీబీకి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ వాళ్ళకి, బజాజ్ హౌసింగ్ ఫైనాన్స్‌కి బజాజ్ ఫైనాన్స్, బజాజ్ ఫిన్‌సర్వ్ వాళ్ళకి పెట్టారు. బజాజ్ హౌసింగ్ 2024 సెప్టెంబర్‌లో 70కి వచ్చి 150 దగ్గర లిస్టయింది. ఐపీఓ తెరిచే ముందు కంపెనీ రెడ్ హెర్రింగ్ ప్రాస్పెక్టస్ అనే పత్రం వేసే తేదీకి మీ డీమ్యాట్‌లో పెద్ద కంపెనీ షేరు ఒక్కటున్నా ఆ కోటాలో అప్లై చేయొచ్చు, అలా వచ్చిన షేర్లకి ఆరు నెలల లాక్-ఇన్ లేదు. బావకి ఇప్పుడు నేను చేయిస్తున్నది ఇదే.

పన్ను దగ్గర తప్పులు ఎక్కువ చూస్తాను కాబట్టి అది కూడా చెప్తాను. లిస్ట్ కాని షేరుని 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధర పెంచి చూపే వీలు) లేదు, 2024 జూలై 23 నుంచి ఇలా ఉంది. ఆ లోపే అమ్మితే లాభం మీ ఆదాయంలో కలిసి స్లాబ్ ప్రకారం పడుతుంది. పన్ను నిబంధనల ప్రకారం లెక్కకట్టిన విలువ కంటే మరీ తక్కువకి కొని, తేడా 50,000 దాటితే ఆ తేడా కూడా మీ ఆదాయమే అవుతుంది, "తెలిసినవాడు సగం రేటుకి ఇచ్చాడు" అనే కేసుల్లో ఇది వచ్చి తగులుతుంది. జీతం తప్ప వేరే ఆదాయం లేకపోయినా, ఆ ఏడాదిలో ఒక్క అన్‌లిస్టెడ్ షేరు మీ పేరు మీద ఉన్నా ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. అందులో అన్‌లిస్టెడ్ షేర్ల పట్టికలో కంపెనీ పేరు, కంపెనీ పాన్, ఏడాది మొదట్లో ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఎంతకి కొన్నారు, ఎన్ని అమ్మారు అని నింపాలి. జూలై చివరి వారంలో మా ఆఫీసులో అందరూ వెతికేది ఆ కంపెనీ పాన్ కోసమే, కొన్న రోజే డీలర్‌ని అడిగి డీల్ కన్ఫర్మేషన్ మీద రాసిపెట్టుకోండి.